క్లిఫర్డ్ బీర్స్

క్లిఫర్డ్ విటింగ్‌హామ్ బీర్స్ (మార్చి 30, 1876 - జూలై 9, 1943) అమెరికాకు చెందిన రచయిత, సంస్కర్త, మానసిక ఆరోగ్య ఉద్యమ స్థాపకుడు. ఈయన వైద్యుడు కాడు. ఇరవై నాలుగేళ్ళ వయసులో తీవ్రమైన మానసిక వ్యాధికి లోనై, మూడు చికిత్సాలయాలలో రోగిగా గడిపి, కోలుకొన్న తరువాత ఆ అనుభవాన్ని తన సొంత పేరుతోనే పుస్తకంగా ప్రకటించాడు. 1908లో వెలువడిన ఆ ఆత్మకథ పేరు ఎ మైండ్ దట్ ఫౌండ్ ఇట్‌సెల్ఫ్ (తన్ను తాను కనుగొన్న మనసు అని అర్థం). ఇంట్లో ఒకరికి మతి చలించిందన్న సంగతిని బంధువుల వద్ద కూడా దాచే కాలంలో ఒక పట్టభద్రుడు ఈ పని చేయడం సాహసమే. ఆ పుస్తకం ఆధారంగా ఆయన నెలకొల్పిన సంఘాలే తరువాతి కాలంలో అనేక దేశాలలో మానసిక ఆరోగ్య సంస్థలకు మూలమయ్యాయి.

బాల్యం, విద్యాభ్యాసం

బీర్స్ కనెక్టికట్ రాష్ట్రంలోని న్యూ హేవెన్ నగరంలో జన్మించాడు. అదే నగరంలో ఉన్న యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన షెఫీల్డ్ సైంటిఫిక్ స్కూలులో చదివి 1897లో పట్టభద్రుడయ్యాడు. చదువులో మరీ మెరిసినవాడు కాకపోయినా చురుకైనవాడు. విద్యార్థుల పత్రిక యేల్ రికార్డుకు వ్యాపార వ్యవహారాలు చూసేవాడు. నలుగురినీ కలుపుకొనిపోవడం, చందాలు రాబట్టడం వంటి విద్యలు ఆయనకు అక్కడే అబ్బాయి. తరువాతి జీవితంలో డిగ్రీ కంటే ఈ విద్యలే ఎక్కువగా ఉపయోగపడ్డాయని చెప్పవచ్చు.

1894లో ఆయన అన్నకు మూర్ఛలు మొదలయ్యాయి. అప్పటివరకు ఆరోగ్యంగా ఉన్న అన్న హఠాత్తుగా పడిపోయి కొట్టుకోవడం చూసిన క్లిఫర్డ్‌కు తనకూ ఆ జబ్బు వస్తుందన్న భయం పట్టుకొంది. మూర్ఛ అంటువ్యాధి కాదు. అన్నకు వచ్చినంత మాత్రాన తమ్ముడికి రావాలని కూడా లేదు. ఈ సంగతి ఆయనకు తెలియక కాదు, తెలిసినా భయం పోలేదు. తరగతిలో పాఠం అప్పజెప్పడానికి లేచి నిలబడితే అందరి ముందూ పడిపోతానేమోనని వణికిపోయేవాడు. చివరకు తనను ప్రశ్నలు అడగవద్దని అధ్యాపకులను వేడుకొని, ఆ ఏర్పాటుతోనే చదువు పూర్తిచేశాడు. ఇటువంటి స్థితిని నేటి వైద్యులు ఆందోళన రుగ్మతల కోవలో పరిశీలిస్తారు. ఆనాడు దానికి పేరూ లేదు, చెప్పుకొనే చోటూ లేదు. ఇంట్లోవారికి ఆయన పైకి మామూలుగానే కనిపించాడు.

పట్టా పుచ్చుకొన్న తరువాత కొంతకాలం న్యూ హేవెన్‌లో పన్నుల వసూలు కార్యాలయంలో గుమాస్తాగా, 1898 నుండి న్యూయార్క్‌లో ఒక జీవిత బీమా సంస్థలో ఉద్యోగిగా పనిచేశాడు. 1900 వసంతకాలం నాటికి పని చేయలేని స్థితి వచ్చింది. ఉద్యోగం వదిలి ఇంటికి చేరాడు.

అనారోగ్యం

ఆరేళ్ళుగా ఉన్న భయం ఇంటికి వచ్చిన కొద్దిరోజులలో నమ్మకంగా మారింది. తనకు మూర్ఛవ్యాధి వచ్చేసిందని, ఇక బతుకు లేదని ఆయన నిశ్చయించుకొన్నాడు. 1900 జూన్ 23న ఇంటి పై అంతస్తు నుండి దూకి ప్రాణం తీసుకోబోయాడు. మెత్తని నేలపై పడటం వలన కాళ్ళు విరిగినా ప్రాణం దక్కింది. విచిత్రమేమిటంటే, కింద పడిన క్షణం నుండి మూర్ఛ భయం పూర్తిగా మాయమైంది. దాని స్థానంలో అంతకంటే పెద్ద భ్రమ వచ్చి కూర్చొంది.

ఆత్మహత్యా ప్రయత్నం చట్టరీత్యా నేరమని ఆయన ఎక్కడో చదివి ఉన్నాడు. కాబట్టి పోలీసులు తనను బంధించారని, విచారణకు సిద్ధం చేస్తున్నారని నమ్మాడు. ఆసుపత్రి గది కిటికీకి రక్షణ కోసం ఉన్న కడ్డీలు ఆయనకు జైలు ఊచలయ్యాయి. విరిగిన కాళ్ళకు పెట్టే కాపడం నేరం ఒప్పించడానికి పెట్టే చిత్రహింస అయింది. దుప్పటి మీద రాతలు కనిపించేవి, లేని గొంతులు వినిపించేవి. చూడవచ్చిన తండ్రి, అన్నలు అసలువారు కారని, వారి వేషంలో వచ్చిన గూఢచారులని అనుకొన్నాడు. తాను నోరు విప్పితే తనవారినే నేరంలో ఇరికించినట్లవుతుందని మాట్లాడటమే మానేశాడు.

ఈ భాగం ఆయన పుస్తకంలో అన్నిటికంటే విలువైనది. భ్రమలో ఉన్నవాడు తర్కం లేకుండా ఆలోచిస్తాడని మనం అనుకొంటాము. బీర్స్ వర్ణించిన స్థితి అలా లేదు. మొదటి మెట్టు తప్పు, ఆ తరువాతి మెట్లన్నీ ఒకదాని మీద ఒకటి సక్రమంగానే ఉన్నాయి. అందువల్లనే ఎంత నచ్చచెప్పినా ప్రయోజనం లేకపోయింది. నచ్చచెప్పేవాడు కూడా కుట్రలో భాగస్థుడే అయ్యాడు. ఆయన అన్న అదే ఏడు జూలైలో మరణించాడు.

1900 ఆగస్టులో ఆయనను స్టాంఫర్డ్‌లోని ఒక ప్రైవేటు ఆశ్రమంలో చేర్చారు. 1901 మార్చిలో అక్కడి నుండి తీసుకొనివచ్చి, కొన్ని నెలలు ఒక సహాయకుని ఇంట ఉంచి, జూన్‌లో హార్ట్‌ఫర్డ్ నగరంలోని మరొక చికిత్సాలయానికి పంపారు. కుటుంబం ధనికమైనది కాదు. ప్రైవేటు చికిత్సకు అయ్యే ఖర్చు వారికి మోయలేని భారమైంది. 

ఆగస్టు 30, 1902

రెండేళ్ళు గడిచాయి. హార్ట్‌ఫర్డ్‌లో ఒక తోటి రోగి బీర్స్‌తో స్నేహం చేశాడు. నీ అన్న గూఢచారి అని నీకెలా తెలుసు, పరీక్షించి చూడరాదా అని ప్రోత్సహించాడు. బీర్స్ ఒక ఉపాయం ఆలోచించాడు. అన్న జార్జికి తానే ఒక ఉత్తరం రాసి, ఆసుపత్రివారి చేతికి ఇవ్వకుండా బయటి నుండి పోస్టు చేయించాడు. చూడటానికి వచ్చేటప్పుడు ఈ ఉత్తరాన్ని వెంట తెమ్మని అందులో కోరాడు. వచ్చినవాడు గూఢచారి అయితే అతని వద్ద ఆ ఉత్తరం ఉండదు. అసలు అన్న అయితే ఉంటుంది.

1902 ఆగస్టు 30న జార్జి వచ్చాడు. జేబులో నుండి ఆ ఉత్తరం తీసి చూపించాడు. అంతటితో 798 రోజులుగా పేరుకొన్న భ్రమల కట్టడం నిమిషాలలో కూలిపోయింది. తల్లి, తండ్రి, అన్నలు మళ్ళీ తనవారయ్యారు.

డాక్టర్లు, బంధువులు రెండేళ్ళు చేయలేని పనిని రోగి తన తెలివితో, మరొక రోగి సాయంతో చేసుకొన్నాడన్నది గమనించదగ్గ విషయం. అయితే దీనినే చికిత్సా పద్ధతిగా భావించరాదు. కుంగుబాటు దశ అప్పటికే సహజంగా ముగింపుకు వస్తూ ఉండవచ్చునని కూడా ఆలోచించవలసి ఉంది. ఎందుకంటే ఆ రోజే ఆయన ఆరోగ్యవంతుడు కాలేదు. వ్యాధి రెండవ ముఖం బయటపడింది.

ఉన్మాద దశ, నిర్బంధం

రెండేళ్ళు మౌనంగా ఉన్న మనిషి ఇక మాట్లాడటం ఆపలేదు. నిద్ర తగ్గింది. ఉత్సాహం ఉప్పొంగింది. కాగితపు చుట్టలను మూరల కొద్దీ అతికించి ఉత్తరాలు రాశాడు. బొమ్మలు గీశాడు. ప్రపంచంలోని పిచ్చాసుపత్రులన్నింటినీ తానే సంస్కరించాలని సంకల్పించాడు. కుంగుబాటు, అతి ఉత్సాహం ఒకదాని తరువాత ఒకటి వచ్చే ఈ లక్షణాలను బట్టి ఆయనది నేడు బైపోలార్ డిజార్డర్ అని పిలిచే వ్యాధి అని చాలామంది భావిస్తారు. ఎప్పుడో మరణించిన వ్యక్తికి పుస్తకం చదివి రోగనిర్ణయం చేయడంలో ఉన్న పరిమితులు దీనికీ వర్తిస్తాయి.

ఆయన అడిగిన కాగితం, పెన్సిలు, స్నానం వంటి చిన్న విషయాల మీద ఒక జూనియర్ వైద్యునితో తగవు మొదలై నిర్బంధం దాకా వెళ్ళింది. చేతులు కదలకుండా బిగించి కట్టే స్ట్రెయిట్ జాకెట్ తొడిగించారు. వేడి లేని గదిలో, నేల మీద పరచిన పరుపుపై పడుకోబెట్టారు. దాదాపు మూడు వారాల పాటు రాత్రులు అలా గడిపాడు. 1902 నవంబరులో డబ్బు చాలక కుటుంబం ఆయనను మిడిల్‌టౌన్‌లోని ప్రభుత్వ ఆసుపత్రికి మార్చింది. అక్కడ ఉద్రేకపరులైన రోగులను ఉంచే వార్డులో ఏమి జరుగుతుందో స్వయంగా చూడాలని కోరి గొడవచేసి మరీ అందులో చేరాడు. పీక నొక్కడం, కొట్టడం, రోగుల ఆకలిని, చలిని పట్టించుకోకపోవడం కళ్ళారా చూశాడు, కొంత తానూ అనుభవించాడు.

ఇక్కడ ఒక మాట చెప్పవలసి ఉంది. సహాయకులు అందరూ క్రూరులని ఆయన రాయలేదు. చాలీచాలని జీతంతో, ఏ శిక్షణా లేకుండా, పగలూ రాత్రీ ఉద్రిక్తులైన రోగుల మధ్య ఉండేవారు కొట్టడాన్నే తేలిక మార్గంగా ఎంచుకొంటారని, కొత్తగా చేరిన మంచివాడు కూడా కొన్ని నెలలలో అలా మారతాడని ఆయన గ్రహించాడు. కాబట్టి ఒకరిద్దరిని తొలగిస్తే సరిపోదని, పద్ధతి మారాలని ఆయన వాదం.

1903లో ఆసుపత్రి నుండి కనెక్టికట్ గవర్నరుకు ఒక సుదీర్ఘమైన ఉత్తరం రహస్యంగా పంపి జవాబు పొందాడు. రోగి రాసిన ఉత్తరానికి గవర్నరు స్పందించడం వలన ఆ వార్డులో పరిస్థితులు కొంత మెరుగుపడ్డాయి. క్రమంగా ఉద్రేకం తగ్గి 1903 సెప్టెంబరు 10న ఇంటికి వచ్చాడు.

పుస్తకం

విడుదలైన తరువాత బీర్స్ మళ్ళీ న్యూయార్క్ చేరి, బ్యాంకు భవనాలు నిర్మించే ఒక సంస్థ తరఫున తిరిగే ఉద్యోగంలో కుదురుకొన్నాడు. 1905 ఆరంభంలో పాత ఉత్సాహం హద్దు మీరుతున్నట్లు ఇంటివారు గుర్తించారు. అన్న సలహాపై, ఎవరూ బలవంతం చేయకుండానే, తనను కట్టివేసిన హార్ట్‌ఫర్డ్ ఆసుపత్రికే తిరిగి వెళ్ళి సుమారు ఒక నెల ఉండి వచ్చాడు. ఆ రోజులలోనే పుస్తకానికి తొలి రూపం ఏర్పడింది. వ్యాధి తిరగబెట్టే సూచనలు కనిపించగానే వైద్యసహాయం కోరడం నేడు అందరు మానసిక వైద్యులూ ఇచ్చే సలహా. బీర్స్ దానిని అంత చేదు అనుభవం తరువాత పాటించాడు.

రాతప్రతిని ప్రసిద్ధ మనస్తత్వ శాస్త్రవేత్త, హార్వర్డ్ ఆచార్యుడు విలియం జేమ్స్‌కు పంపాడు. జేమ్స్ దానిని ఎంతో మెచ్చుకొని, పుస్తకంలో ముందుమాటగా ముద్రించుకోవడానికి తన లేఖను ఇచ్చాడు. ఆయన తన జీవితంలో కుంగుబాటును ఎరిగినవాడు. స్విట్జర్లాండులో పుట్టి అమెరికాలో స్థిరపడిన మానసిక వైద్యుడు అడాల్ఫ్ మేయర్ కూడా ప్రతిని చదివి సవరణలు సూచించాడు. వైద్యవర్గాన్ని శత్రువుగా చేసుకొంటే సంస్కరణ సాగదని హితవు చెప్పాడు. బీర్స్ ఆసుపత్రుల పేర్లను, వైద్యుల పేర్లను పుస్తకంలో ఎక్కడా ఇవ్వలేదు. తన పేరు మాత్రం దాచుకోలేదు. మారుపేరుతో వెలువడిన పుస్తకాన్ని కల్పన అని పక్కన పెట్టే అవకాశం ఉంది. సొంత పేరు పెట్టడం వలన ఆ అవకాశం పోయింది, అదే సమయంలో మళ్ళీ మామూలు ఉద్యోగిగా బతికే దారి కూడా చాలావరకు మూసుకుపోయింది.

1908 మార్చిలో లాంగ్‌మన్స్, గ్రీన్ సంస్థ ఈ పుస్తకాన్ని ప్రచురించింది. పత్రికలు బాగా ఆదరించాయి. ఆయన జీవితకాలంలోనే అనేక ముద్రణలు పొందింది. మానసిక వ్యాధిగ్రస్తుల మీద అంతకుముందు ఇతరులు ఎన్నో రాశారు, కొందరు రోగులూ రాశారు. అయితే ఒక సంస్థను నెలకొల్పాలన్న ప్రణాళికతో సహా వచ్చి, ఆ ప్రణాళికను నెరవేర్చిన పుస్తకం ఇది.

ఉద్యమం

1908 మే 6న న్యూ హేవెన్‌లో కనెక్టికట్ మానసిక ఆరోగ్య సంఘం ఏర్పడింది. మరుసటి సంవత్సరం ఫిబ్రవరి 19న న్యూయార్క్‌లో జాతీయ సంఘాన్ని (నేషనల్ కమిటీ ఫర్ మెంటల్ హైజీన్) స్థాపించారు. మెంటల్ హైజీన్ అన్న పేరును సూచించినవాడు మేయర్. శరీర పరిశుభ్రత వలన అంటురోగాలను అరికట్టినట్లే మనసు విషయంలో కూడా ముందుజాగ్రత్త సాధ్యమన్న భావన ఆ పేరులో ఉంది. కలరా, క్షయ వంటి వ్యాధులపై ప్రజారోగ్య శాఖలు విజయాలు సాధిస్తున్న కాలమది, కనుక ఆ పోలిక ప్రజలకు తేలికగా ఎక్కింది.

బీర్స్, మేయర్ల స్నేహం ఎక్కువ కాలం నిలువలేదు. ముందు ఒక ఊరిలో, ఒక రాష్ట్రంలో చిన్నగా పనిచేసి చూపాలని మేయర్ అభిప్రాయం. దేశం మొత్తాన్ని ఒకేసారి కదిలించాలని బీర్స్ ఆరాటం. మేయర్ తప్పుకొన్నాడు. నిధులు లేక బీర్స్ అప్పులు చేసి కొన్నేళ్ళు కార్యాలయం నడిపాడు. ఉక్కు వ్యాపారి హెన్రీ ఫిప్స్ 50,000 డాలర్లు విరాళం ఇవ్వడంతో ఊపిరి వచ్చింది. 1912లో థామస్ సాల్మన్ అనే వైద్యుడు సంఘంలో చేరి శాస్త్రీయమైన పనిని చేపట్టాడు. రాష్ట్రాల వారీగా ఆసుపత్రుల స్థితిగతులపై సర్వేలు జరిగాయి. మొదటి ప్రపంచయుద్ధంలో ఫిరంగి మోతల మధ్య మనసు చెదిరిన సైనికులకు చికిత్స ఏర్పాట్లు చేయడంలో సాల్మన్ ప్రముఖ పాత్ర వహించాడు. వీరులు అనుకొన్న సైనికులే ఇలా దెబ్బతినడం చూసిన తరువాత, మనోవ్యాధి అనేది బలహీనులకు వచ్చే అవమానం అన్న అభిప్రాయం కొంత సడలింది.

1913లో న్యూ హేవెన్‌లో బీర్స్ చొరవతో ఒక క్లినిక్ ప్రారంభమైంది. రోగి ఆసుపత్రిలో చేరకుండా వచ్చి, చూపించుకొని, ఇంటికి వెళ్ళే పద్ధతిలో మానసిక వైద్యం అందించిన తొలి అమెరికా క్లినిక్కులలో ఇది ఒకటి. ఆయన పేరుతోనే ఆ సంస్థ నేటికీ పనిచేస్తున్నది. 1920లలో పిల్లల ప్రవర్తనా సమస్యల కోసం చైల్డ్ గైడెన్స్ క్లినిక్కులు వెలిశాయి.

కెనడాలో 1918లో ఇటువంటి సంఘాన్ని స్థాపించిన క్లారెన్స్ హింక్స్ కూడా కుంగుబాటును స్వయంగా ఎరిగినవాడే. భారతదేశంలో 1929లో రాంచీలోని మానసిక ఆసుపత్రి అధిపతి ఓవెన్ బర్క్‌లీ-హిల్ ఈ ఉద్యమ స్ఫూర్తితో ఒక సంఘాన్ని ఆరంభించాడు. 1930 మే నెలలో వాషింగ్టన్‌లో జరిగిన మొదటి అంతర్జాతీయ మహాసభకు అనేక దేశాల నుండి ప్రతినిధులు వచ్చారు. ఆ సభ బీర్స్ జీవితంలో శిఖరం వంటిది. యేల్ విశ్వవిద్యాలయం 1922లో గౌరవ పట్టా, ఫ్రాన్సు ప్రభుత్వం 1932లో లీజియన్ ఆఫ్ ఆనర్ పురస్కారం ఇచ్చి గౌరవించాయి.

విమర్శలు

బీర్స్ పని మొదలుపెట్టింది కట్టివేయబడిన రోగుల కోసం. సంఘం పెరిగేకొద్దీ దాని దృష్టి బడులు, పిల్లలు, నివారణ అనే అంశాల వైపు మళ్ళింది. ఆసుపత్రులలో కిక్కిరిసిన రోగులు వెనుకబడిపోయారు. నివారణ గురించి చేసిన వాగ్దానాలు అప్పటి శాస్త్రజ్ఞానం భరించగలిగిన దానికంటే పెద్దవి. ఉద్యమంలోని పలువురు ప్రముఖులు ఆ కాలపు సుజననశాస్త్ర భావాలను, అంటే అనర్హులు అనుకొన్నవారికి సంతానం కలుగకుండా చూడాలన్న ఆలోచనను సమర్థించారు. రోగుల మర్యాద కోసం పుట్టిన ఉద్యమానికి ఇది తీరని మచ్చ. వైద్యుల ఆధిపత్యం పెరగడంతో, కోలుకొన్న రోగిగా బీర్స్ స్వరం కూడా సంఘంలో తగ్గింది. నిధుల సేకరణే ఆయన ముఖ్య బాధ్యతగా మిగిలింది.

వ్యక్తిగత జీవితం, చివరి రోజులు

1912లో క్లారా జెప్సన్‌ను వివాహమాడాడు. తమ కుటుంబంలోని వ్యాధి పిల్లలకు సంక్రమిస్తుందన్న భయంతో ఆ దంపతులు సంతానం వద్దనుకొన్నారు. తోబుట్టువులలో మరికొందరు కూడా మానసిక వ్యాధుల పాలయ్యారు. ఉద్యమంలో ఎంత తిరిగినా ఈ భయం ఆయనను విడిచిపోలేదు. చుట్టూ ఉన్నవారు ఆయనను పూర్తిగా నయమైన మనిషికి ఉదాహరణగా చూపేవారు. అటువంటి వ్యక్తి మళ్ళీ జబ్బుపడితే ఉద్యమం పరువు ఏమవుతుందన్న బరువు కూడా ఆయన మీద ఉండేది.

1930లలో ఆర్థిక మాంద్యం వలన నిధులు తగ్గాయి. 1939లో కుంగుబాటు, అనుమానాలు తిరగబెట్టగా ఆయన పదవి నుండి విరమించి, రోడ్ ఐలండ్ రాష్ట్రంలోని ప్రావిడెన్స్ నగరంలో బట్లర్ ఆసుపత్రిలో తనంతట తానే చేరాడు. 1943 జూలై 9న అక్కడే మరణించాడు. చివరి నాలుగేళ్ళను ఓటమిగా చిత్రించినవారు ఉన్నారు. మధుమేహం తిరగబెట్టి మరణించిన వైద్యుని గురించి ఎవరూ అలా రాయరు. రెండు వ్యాధి దశల మధ్య ముప్పై ఏళ్ళకు పైగా ఆయన పనిచేశాడు.

అనంతర పరిణామాలు

1948లో లండన్‌లో ఏర్పడిన ప్రపంచ మానసిక ఆరోగ్య సమాఖ్య, బీర్స్ ప్రారంభించిన అంతర్జాతీయ సంఘానికి వారసురాలు. ప్రతి సంవత్సరం అక్టోబరు 10న మన కళాశాలలలో కూడా జరిపే ప్రపంచ మానసిక ఆరోగ్య దినాన్ని 1992లో ప్రారంభించినది ఈ సమాఖ్యే. అమెరికాలోని జాతీయ సంఘం 1950లో మరి రెండు సంస్థలతో కలిసిపోయింది. దాని ప్రస్తుత పేరు మెంటల్ హెల్త్ అమెరికా.

బీర్స్‌ను రెండేళ్ళు వేధించిన భ్రమకు మూలమైన చట్టం మన దేశంలో చాలాకాలం ఉండేది. భారత శిక్షాస్మృతి 309వ సెక్షను ప్రకారం ఆత్మహత్యా ప్రయత్నం నేరం. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, అటువంటి వ్యక్తి తీవ్రమైన మానసిక ఒత్తిడిలో ఉన్నట్లు భావించాలని, అతనికి చికిత్స, పునరావాసం కల్పించడం ప్రభుత్వ బాధ్యత అని నిర్దేశించింది. 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 309వ సెక్షను లేదు. ప్రభుత్వోద్యోగిని ఒత్తిడి చేయడానికి చేసే ఆత్మహత్యా ప్రయత్నాన్ని మాత్రం ఆ సంహిత నేరంగా ఉంచింది.

1953లో అమెరికా సంఘం వివిధ రాష్ట్రాల ఆసుపత్రుల నుండి రోగులను కట్టివేయడానికి వాడిన పాత గొలుసులను, సంకెళ్ళను సేకరించింది. బాల్టిమోర్ నగరంలోని మెక్‌షేన్ కార్ఖానాలో వాటిని కరిగించి 300 పౌన్ల (సుమారు 136 కిలోల) గంటను పోతపోయించింది. మానసిక ఆరోగ్య గంట అని పిలిచే ఆ గంట బొమ్మను సంఘం తన చిహ్నంగా స్వీకరించింది.